సెక్యూరిటీ ఏముంది?

మన క్యాంపస్‌లో రోజూ వినపడే మాటల్లో "సెక్యూరిటీ" ఒకటి. రాత్రి తొమ్మిది దాటాక గేటు దగ్గర ఐడీ కార్డు అడిగే అన్నని అందరం "సెక్యూరిటీ" అనే పిలుస్తాం. హాస్టల్లో చేరినప్పుడు కట్టించుకున్నది సెక్యూరిటీ డిపాజిట్. ఏడో సెమిస్టర్‌లో నేను తీసుకున్న ఎలక్టివ్ నెట్‌వర్క్ సెక్యూరిటీ. ప్లేస్‌మెంట్స్ మొదలయ్యాక అందరి నోటా జాబ్ సెక్యూరిటీ. మనిషికీ, డబ్బుకీ, సబ్జెక్టుకీ, ఉద్యోగానికీ ఒకే మాట ఎలా సరిపోతోందా అని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. పోయిన ఎండాకాలం దానికి అయిదో అర్థం ఎదురైంది. ఆ అర్థం మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఇక ఆలోచించక తప్పలేదు.

మాది కూచిపూడి. ఊరి పేరు చెప్పగానే "నువ్వు డాన్స్ చేస్తావా బ్రో?" అని అడుగుతారు. చెయ్యను. మా ఊళ్లో నాట్యం చేసే కుటుంబాలు వేరే ఉన్నాయి, మాది వ్యవసాయం. విజయవాడ నుంచి అవనిగడ్డ బస్సెక్కి, పామర్రు దాటాక దిగాలి. రోడ్డుకి అటూ ఇటూ వరిచేలు. మాకు సొంతం ఎకరం ఇరవై సెంట్లు. ఇంకో నాలుగెకరాలు నాన్న కౌలుకి చేస్తాడు.

నాకు బయటి యూనివర్సిటీలో ఎమ్మెస్ సీటు వచ్చింది. ఫీజులూ ఖర్చులూ కలిపితే ముప్పై అయిదు లక్షలు. నాన్నా నేనూ బ్యాంకుకి వెళ్లాం. మేనేజరు గారు మర్యాదగా కూర్చోబెట్టి, కాగితాలన్నీ చూసి, ఒక్కటే అడిగారు: "సెక్యూరిటీ ఏముందండీ?" చదువు అప్పుల నమూనా పథకంలో నాలుగు లక్షల దాకా ఏమీ తాకట్టు అక్కర్లేదు. ఏడున్నర లక్షల దాకా ఎవరైనా పూచీ ఉంటే చాలు. అది దాటితే ఆస్తి చూపించాలి. నాన్న ఏమాత్రం తడుముకోకుండా "ఎకరం ఇరవై సెంట్లుందండీ, ఇల్లుంది" అన్నాడు. అప్పుడు నా ఎలక్టివ్ పుస్తకం, నాన్న పాసుపుస్తకం రెండూ ఒకే మాట గురించి మాట్లాడుతున్నాయని తట్టింది.

సెక్యూరిటీకి లాటిన్‌లో మూలం రెండు ముక్కలట: "సే" అంటే లేకుండా, "కూరా" అంటే చింత. చింత లేకపోవడమే సెక్యూరిటీ. సరే, ఎవరికి చింత లేకపోవడం? ఆ అప్పు తీసుకుంటే బ్యాంకుకి చింత ఉండదు. నాకు కొంత తగ్గుతుంది. నాన్నకి మొదలవుతుంది.

తర్వాత మా ఊరి కథ కొంచెం చదివాను. చదివితే ఊరంతా ఈ మాట చుట్టూనే తిరిగినట్టు కనిపించింది. గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా, అదే భద్రాచలం రామదాసు కథలో తానీషా, 1672 నుంచి 1687 దాకా పాలించాడు. ఆయన ఈ ఊరి భాగవతుల ప్రదర్శన చూసి, మెచ్చి, ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. ఆ రోజుల్లో కళాకారుడికి భద్రత అంటే అదే: రాజు ఇచ్చిన కాగితం, దాని వెనక నేల. ఆ భద్రతకి ఒక షరతు కూడా ఉంది. ఈ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నాడని ఊళ్లో అందరూ చెప్పే సంగతే. భూమి కుటుంబాన్ని కాపాడుతుంది, కుటుంబం భామాకలాపాన్ని కాపాడుతుంది. తర్వాత 1763లో కుటుంబాల మధ్య ఊరి భూమి పంపకానికి ఒక పత్రం రాశారు. అందులో ఉన్న ఇంటిపేర్లు ఇప్పటికీ మా ఊరి గుమ్మాల మీద కనిపిస్తాయి.

అదే ఊళ్లో మాలాంటి వాళ్లకి మాత్రం భద్రత అంటే నీళ్లు. 1832-33 కరువులో అప్పటి గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని లెక్కలున్నాయి. కృష్ణ పక్కనే పారుతోంది. పొలంలోకి ఎక్కదు. బెజవాడ దగ్గర ఆనకట్ట 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తిచేశాక కాలవల్లో నీళ్లొచ్చాయి. ఆ ఆనకట్టకి 1952లో గండి పడింది. తర్వాత 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అందుకే మా నాయనమ్మకి జూన్‌లో "కాలవ వదిలారా?" అన్నదే వార్త. ఇంకే వార్తా వార్త కాదు. ఎడారిలో పుట్టినవాడికి నీటి విలువ తెలుస్తుందంటారు గానీ, కాలవ చివరి పొలం ఉన్నవాడికి ఇంకా బాగా తెలుస్తుంది. పై ఊళ్లో లాకులు ఎత్తితే తప్ప వాడికి నీళ్లు రావు.

నీళ్లు రాకపోవడం ఒక భయం. నీళ్లే మీదికి రావడం ఇంకో భయం. 1864లో బందరు ఉప్పెనలో ముప్పై వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. అధికారిక లెక్కే పదివేలు. అప్పటికి మా నాయనమ్మ కొత్తగా కాపురానికి వచ్చింది. సముద్రం మా ఊరిదాకా రాలేదు, గాలి వచ్చింది. పాక పైకప్పు లేచిపోతే, వీధిలో ఉన్న ఒకే ఒక్క డాబా ఇంట్లో ముప్పై నలభై మంది ఆ రాత్రి నిలబడే గడిపారట. "ఆ డాబా ఎవరిదే?" అంటే, "ఎవరిదైతే ఏంట్రా, ఆ రాత్రి అందరిదీ" అంది. ఆ ఉప్పెన తర్వాతే తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టడం ఊపందుకుంది. భద్రత అన్న మాటకి అప్పటిదాకా నేల, నీరు అని అర్థం. అక్కడ్నుంచి సిమెంటు స్లాబు కూడా కలిసింది.

మా తాతయ్య కాలానికి అది పాసుబుక్కు అయింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అప్పటిదాకా మా వైపు జనం డబ్బుని బంగారంగా మార్చి గోడలోనో, గాదె కిందో దాచేవాళ్లు. ఆ అలవాటు మాన్పించి "మీ డబ్బు మా దగ్గర భద్రం" అని నమ్మించడం చిన్న పని కాదు. 1956లో ఎల్ఐసీ వచ్చింది. బ్యాంకు మునిగితే ఎలా అన్న భయానికి 1962లో డిపాజిట్ బీమా వచ్చింది, మొదట్లో 1,500 రూపాయల దాకా. 1993లో అది లక్ష అయింది, 2020లో అయిదు లక్షలు. అదే 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. తాతయ్య దాచిన పాత పాసుబుక్కు మీద ఉన్న పేరుతో ఇప్పుడు బ్యాంకే లేదు. డబ్బు మాత్రం పోలేదు.

మా అమ్మావాళ్ల తరానికి భద్రత అంటే గవర్నమెంటు ఉద్యోగం. పిల్లనివ్వాలన్నా అదే, అప్పివ్వాలన్నా అదే. అయితే 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్లకి పాత పెన్షన్ లేదు. మా మేనమామ ఆ తేదీ తర్వాత టీచరుగా చేరాడు. ఆయనకన్నా కొన్నేళ్లు ముందు చేరిన టీచరుకి పాత పెన్షన్ ఉంది. ఇద్దరూ ఒకే స్టాఫ్ రూములో కూర్చుంటారు. "ఒకటే సుద్దముక్క, ఒకటే బోర్డు, రెండు రకాల ముసలితనం" అంటాడు మావయ్య. తర్వాత మా తరం వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉంటే చాలనుకున్నాం. 2023లో పెద్ద పెద్ద కంపెనీలు వేలల్లో మనుషుల్ని ఒక్క మెయిల్‌తో పంపించేయడం మన సీనియర్ల స్టేటస్‌లలోనే చూశాం.

ఇదంతా ఒక వరసలో పెడితే ఒకటి అర్థమైంది. సెక్యూరిటీ ఎప్పటికప్పుడు వేరే వస్తువులోకి మారిపోతూ వచ్చింది: కాగితం, కాలవ, స్లాబు, పాసుబుక్కు, పెన్షన్, ప్యాకేజీ. ప్రతిసారీ "ఇక ఇదొక్కటి ఉంటే చాలు" అన్నారు. ప్రతిసారీ దాని పక్కనుంచి ఏదో వచ్చింది.

పక్కనుంచి అంటే నాకు 2024 సెప్టెంబరు గుర్తొస్తుంది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. రికార్డు. రాష్ట్రమంతా బ్యారేజీ వైపే చూసింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర తగిలినా బ్యారేజీ నిలబడింది. సింగ్‌నగర్‌ని ముంచింది మాత్రం కృష్ణ కాదు, బుడమేరు. గట్లకి గండ్లు పడి నీళ్లు వెనకనుంచి వచ్చాయి. నా క్లాస్‌మేట్ వాళ్ల ఇల్లు అక్కడే. మొదటి అంతస్తులో ఉండి, తాగే నీళ్ల కోసం కిందకి చూస్తూ గడిపామని చెప్పాడు. మన సెక్యూరిటీ పాఠంలో మొదటి సూత్రం ఇదే కదా. దాడి చేసేవాడు నువ్వు ఇనప తలుపు పెట్టిన చోటుకి రాడు. కిటికీ దగ్గరికి వస్తాడు.

ఆ ఎలక్టివ్ గురించి చెప్పాలి. మార్కులు మామూలే గానీ మా ఊరు నాకు కొత్తగా అర్థమైంది ఆ క్లాసులోనే. కెర్కాఫ్స్ అనే డచ్ భాషావేత్త 1883లో ఒక నియమం చెప్పాడు. నీ పద్ధతి మొత్తం శత్రువుకి తెలిసినా నీ వ్యవస్థ నిలబడాలి, దాచాల్సింది తాళంచెవి ఒక్కటే అని. పద్ధతిని దాచిపెట్టి దాన్నే భద్రత అనుకుంటే, అది బయటపడిన రోజున ఏమీ మిగలదు.

మా ఊరి నాట్యం చాలాకాలం అలా దాచిపెట్టి బతికింది. కొన్ని కుటుంబాలు, వాటిలోనూ మగవాళ్లే. ఆడవేషమైనా మగవాళ్లే కట్టాలి. జమీందార్లూ రాజులూ ఉన్నన్నాళ్లు అది నడిచింది. ఆ ఆదరణ పోయాక ఆ కొద్ది కుటుంబాలతో పాటు కళ కూడా ప్రమాదంలో పడింది. ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ఆ గీత దాటి, ఆడవాళ్లకీ బయటివాళ్లకీ నేర్పారు. వెంపటి చినసత్యం గారు ఊరు వదిలి మద్రాసు వెళ్లి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, ఎక్కడెక్కడి పిల్లలకో నేర్పారు. అప్పట్లో "మనది బయటికి పోతోంది" అని ఎంతమంది బాధపడి ఉంటారో ఊహించగలను. కానీ 2016 డిసెంబరులో విజయవాడలో ఆరు వేల మందికి పైగా ఒకేసారి కూచిపూడి ఆడారు. అందులో మా ఊళ్లో పుట్టినవాళ్లు ఎంతమంది ఉంటారు?

మన భాషలో చెప్పాలంటే కాన్ఫిడెన్షియాలిటీ పోయింది, అవైలబిలిటీ పెరిగింది. ఇంటెగ్రిటీ సంగతి? అది ఇంకా తేలలేదు. "ఇది అసలు కూచిపూడి కాదు" అనే మాట మా ఊరి అరుగుల మీద ఇప్పటికీ వినపడుతుంది. యక్షగానం తగ్గి సోలో ఐటమ్స్ పెరిగాయని పెద్దవాళ్లు అనేదాంట్లో నిజం ఉంది. ఏ భద్రతా ఉచితంగా రాదు. తాళం వేస్తే వస్తువు ఊపిరాడక చచ్చిపోవచ్చు, తాళం తీస్తే రూపం మారొచ్చు. ఏది పోయినా పరవాలేదో, ఏది పోకూడదో ముందే తేల్చుకోవాలి. అది తేల్చుకోకుండా తాళాలు కొనడం దండగ.

ఈ "తేల్చుకోవడానికే" మన సబ్జెక్టులో థ్రెట్ మోడల్ అని పేరు. ఏం కాపాడాలి? దేని నుంచి? పోతే ఏం మిగులుతుంది? ఎమ్మెస్ విషయం ముందుకీ వెనక్కీ పోతున్న రోజుల్లో, ఒక రాత్రి భోజనాలయ్యాక ఈ మూడు ప్రశ్నలు ఇంట్లో అందర్నీ అడిగాను. నవ్వారు గానీ చెప్పారు.

నాయనమ్మకి కాపాడాల్సింది ఇల్లు. భయం రాత్రిపూట వచ్చే ఆయాసం. సిలికానాంధ్ర వాళ్లు విరాళాలతో కట్టిన సంజీవని ఆసుపత్రి ఊళ్లోనే ఉంది కాబట్టి ఇప్పుడు కాస్త ధైర్యం. "ఆటో ఎక్కించేవాడు ఒకడుంటే చాలు" అంది.

నాన్న చెప్పింది నేను అనుకోనిది. ఎకరం ఇరవై సెంట్ల గురించి ఆయనకి అంత బెంగ లేదు. బెంగంతా కౌలు నాలుగెకరాల మీద. అక్కడ పెట్టుబడి ఆయనది, చెమట ఆయనది, కాగితం మాత్రం ఇంకొకరిది. 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలలకి ఒప్పందం రాసుకుంటే కార్డు ఇస్తారు. కానీ దానికి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే రేపు హక్కు అడుగుతారేమోనని యజమానులకి భయం. అడిగితే వచ్చే ఏడాది పొలం ఇంకొకరికి ఇస్తారేమోనని కౌలుదారుకి భయం. "ఆయన భద్రత కోసం ఆయన సంతకం పెట్టడు, నా భద్రత కోసం నేను అడగను" అన్నాడు నాన్న. "ఆ ఎకరం ఇరవై ఉందిగా, బ్యాంకులో నన్ను రైతు అనడానికి" అని కూడా అన్నాడు. అంటే తాకట్టు పెడతానన్న ఆ కాస్త నేలే, ఆయన రైతు అని ఋజువు చేసే ఒకే ఒక్క కాగితం. బ్యాంకులో తడుముకోకుండా చెప్పినప్పుడు దీనిలో ఒక్క ముక్క కూడా బయటపెట్టలేదు.

అమ్మ అన్నిటికన్నా ఆలస్యంగా, గిన్నెలు సర్దుతూ చెప్పింది. "మా గ్రూపు ఉందిగా." అమ్మ డ్వాక్రా గ్రూపులో ఉంది. పది మంది. నెలనెలా పొదుపు, బ్యాంకు నుంచి అప్పు. ఆ అప్పుకి తాకట్టు లేదు. ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిదిమందీ చూసుకోవాలి. ఒకసారి గ్రూపులో ఒకావిడ భర్తకి యాక్సిడెంట్ అయి మూడు నెలలు వాయిదాలు ఆగితే, మిగతావాళ్లు తలా కొంచెం వేసి కట్టారు. తిట్టుకుంటూనే కట్టారు. తర్వాత ఆవిడ మిషను కుట్టి తీర్చేసింది. "మేనేజరు మిమ్మల్నడిగినట్టు మమ్మల్నెప్పుడూ సెక్యూరిటీ ఏముందని అడగలేదు నాన్నా. మేమే సెక్యూరిటీ" అంది. గొప్ప కోసం అన్నమాట కాదు. గిన్నె బోర్లించినంత మామూలుగా అంది.

మన క్లాసులో నేర్చుకుంటున్నది జీరో ట్రస్ట్. నెట్‌వర్క్ లోపల ఉన్నా సరే ఎవర్నీ నమ్మొద్దు, ప్రతిసారీ సరిచూడు. మిషన్లకి అది మంచి సూత్రం. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని, పోలీసుల పేరుతో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అంటే ఫోన్ పెట్టేయమని నాయనమ్మకి నేనే పదిసార్లు చెప్పాను. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. మీరూ మీ ఇంట్లో చెప్పండి. కానీ అదే సూత్రం మనుషుల మీద పెడితే అమ్మ గ్రూపు ఒక్క నెల నడవదు. అక్కడ సరిచూడడం కూడా ఉంది. పుస్తకం రాస్తారు, సంతకాలు పెడతారు, ఎవరు రాలేదో అడుగుతారు. నమ్మకం గుడ్డిది కాదు. నిలబడేది మాత్రం నమ్మకం మీదే.

రిస్కుని నాలుగు రకాలుగా చూడొచ్చని మన సిలబస్‌లో ఉంది: తప్పించుకోవడం, తగ్గించుకోవడం, వేరేవాళ్లకి బదిలీ చేయడం, భరించడం. ముప్పై అయిదు లక్షల అప్పుని ఈ గడుల్లో పెట్టి చూశాను. నా రిస్కు ఎక్కడికీ పోవడం లేదు. నాన్న పాసుపుస్తకంలోకి బదిలీ అవుతోంది. చదువు పూర్తయి ఉద్యోగం వస్తే పరవాలేదు. వీసాలు, మార్కెట్టు, నా ఆరోగ్యం, వీటిలో ఏ ఒక్కటి అటూఇటూ అయినా, రైతు అన్న పేరు పోయేది నాన్నకి. అది నేను తీసుకుంటున్న రిస్కు అని పిలవడానికి నాకు నోరు రాలేదు.

అందుకని క్యాంపస్ ఆఫర్ తీసుకున్నాను. హైదరాబాద్‌లో సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్, షిఫ్టులు, మొదటి ఏడాది జీతం మామూలే. రెండేళ్లు చేసి, కొంత దాచి, తాకట్టు అక్కర్లేని మొత్తానికి అప్పు తగ్గించుకోగలిగితే అప్పుడు వెళ్తాను. వెళ్లలేకపోవచ్చు కూడా. ఆ బాధ నాది, దాన్ని భరించే గడిలో రాసుకున్నాను. ఇది త్యాగం అని ఎవరూ అనొద్దు. పొలం తాకట్టు పెట్టి వెళ్లి, అప్పు తీర్చి, ఇంటికి ఇంకో రెండెకరాలు కొన్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వాళ్ల లెక్క వాళ్లకి సరిపోయింది. నాన్నకి మాత్రం కాస్త కోపం వచ్చింది. "పొలం ఉన్నది దేనికి రా, పిల్లల కోసం పెట్టడానికి కాదూ?" అన్నాడు. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు మినుములు చల్లడానికి పొద్దున్నే నన్నూ లేపాడు.

ఈ సెమిస్టర్‌లో మనలో చాలామంది ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టబోతున్నారు. ఆఫర్ లెటరో, బాండో, లోనో. పెట్టొద్దని చెప్పను. ఒక్క పని చేయండి. ఆ మూడు ప్రశ్నలు మీ ఇంట్లో ఒక్కొక్కరినీ విడివిడిగా అడగండి. అందరూ ఒకే జవాబు చెబుతారనుకుంటాం. చెప్పరు. ఎవరి భద్రత ఎవరి మీద ఆనుకుని ఉందో అక్కడే తెలుస్తుంది.

తెలుగులో "అండ" అనే మాటకి పక్క, దగ్గర అని పాత అర్థం. లాటిన్ వాడు చింత లేకపోవడాన్ని సెక్యూరిటీ అన్నాడు. మనవాళ్లు పక్కన మనిషి ఉండడాన్ని అండ అన్నారు. చింత ఎలాగూ ఉంటుంది. ప్రతి నెలా అయిదో తారీఖున అమ్మ గ్రూపు మీటింగు మా అరుగు మీద జరుగుతుంది. జూన్‌లో జీతం మొదలయ్యాక అమ్మ వాయిదా నేను కడతానన్నాను. "వద్దు, నీది నువ్వు చూసుకో, నాది కట్టకపోతే వాళ్లకి చెప్పుకోవాల్సింది నేను" అంది.